రంగు నీళ్ళకు ఇనుము మందు

మచిలీపట్నం పక్కన పెడన ఉంది. అక్కడ కలంకారీ బట్టలు అద్దుతారు. చెక్క అచ్చును రంగులో అద్ది బట్ట మీద వేస్తారు.

నలుపు ఎలా వస్తుందో తెలుసా? తుప్పు పట్టిన ఇనప ముక్కల్ని బెల్లం నీళ్ళలో నానేస్తారు. కొన్నాళ్ళకు ఆ నీళ్ళు పులుస్తాయి. బట్టను ముందే కరక్కాయ నీళ్ళలో తడిపి ఆరబెడతారు. దాని మీద ఈ ఇనప నీళ్ళతో అచ్చు వేస్తే నల్లగా తేలుతుంది. కరక్కాయ వగరు, ఇనుము కలిస్తేనే ఆ నలుపు.

అద్దిన బట్టను నీళ్ళలో బాగా ఉతకాలి. చెట్ల నుంచి తీసిన రంగులతో పెద్ద చిక్కు లేదు. కాని ఇప్పుడు రసాయన రంగులూ వచ్చాయి. ఎండకు వెలిసిపోకుండా, ఉతికితే పోకుండా ఉండాలనే వాటిని తయారు చేశారు. బట్ట మీద పోని రంగు కాలువలో మాత్రం ఎలా పోతుంది? రంగు చిక్కగా ఉంటే ఎండ అడుగుకు దిగదు. నీటిలోని మొక్కలు, చేపలు దెబ్బతింటాయి.

బందరు, గుడివాడ, దివిసీమ పల్లెల్లో చాలా చోట్ల మంచినీళ్ళ చెరువును కాలువ నీటితోనే నింపుతారు. పై ఊరు వదిలింది కింది ఊరి బిందెలోకి వస్తుంది.

తమిళనాడులోని తిరుప్పూరులో రంగు నీళ్ళతో నొయ్యల్ నది పాడైంది. 2011లో అక్కడి అద్దకం కర్మాగారాలను మూసెయ్యమని మద్రాసు హైకోర్టు చెప్పింది. నది సంగతి అటుంచి, కూలి వాళ్ళకు పనీ పోయింది.

మరి ఆ మొండి రంగును విరగ్గొట్టేదేమిటి? మళ్ళీ ఇనుమే!

ఇంగ్లండులో ఫెంటన్ అనే శాస్త్రవేత్త ఉండేవాడు. చింతపండు పులుపులో ఉండే ఆమ్లం మీద ఆయన పని చేశాడు. దానికి కాస్త ఇనప ఉప్పు, హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపితే ఆ ఆమ్లం మారిపోయింది. ఈ సంగతి 1894లో రాశాడు. పెరాక్సైడ్ అంటే ఆసుపత్రిలో పుండు కడిగితే బుసబుస పొంగే మందు. ఇనప ఉప్పు అంటే మన అన్నభేది.

ఇనుము తగలగానే పెరాక్సైడ్ విరుగుతుంది. అందులోంచి పుట్టే చురుకైన ముక్కలు రంగు మీద పడి దాన్ని తునకలు చేస్తాయి. ఇనుము మాత్రం అరిగిపోదు. రూపం మారి, మళ్ళీ తిరిగొచ్చి ఇంకో విడత పని చేస్తుంది. ఒక పెళ్ళి కుదిర్చి ఇంకో ఇంటికి పోయే పెళ్ళిళ్ళ పేరయ్య లాంటిది. కాకపోతే ఈ పేరయ్య కలపడు, విడగొడతాడు. ఇలాంటి దాన్ని ఉత్ప్రేరకం అంటారు.

నీళ్ళు బాగా పుల్లగా ఉంటేనే ఈ పని సాగుతుంది. అందుకని ముందు ఆమ్లం పోస్తారు. చివర సున్నం కలిపి పులుపు విరుస్తారు. అప్పుడు ఇనుము తుప్పు రంగు మడ్డిగా అడుగున దిగుతుంది. ఆ మడ్డిని మళ్ళీ కాలువలో పోస్తే చేసిందంతా వృథా.

ఇది ఇంట్లో బకెట్లో చేసేది కాదు. ఆమ్లం, పెరాక్సైడ్ చేతులు కాలుస్తాయి. తెలిసిన మనిషి, తొట్లు, ఖర్చు కావాలి. ఒక్కొక్కరు పెట్టలేకపోతే నలుగురు అద్దకందారులు కలిసి ఒకటి పెట్టుకోవచ్చు.

నీళ్ళు తేటగా కనిపిస్తే చాలదు. రంగు సగం విరిగి ఆగితే, కంటికి కనపడని తునకలు మిగులుతాయి. వాటిలో కొన్ని హాని చేస్తాయి. అద్దకంలో వాడిన ఉప్పు కూడా ఈ పద్ధతిలో పోదు. ప్రయోగశాలలో పరీక్ష చేయించాకే ఆ నీటిని వదలాలి.