వార్తల్లో పదం: సాధారణ నివాసి

ఇల్లు లేకపోతే ఓటుండదని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండిన పౌరుడు ఆ నియోజకవర్గంలో ‘సాధారణ నివాసి’ అయితే చాలు. సొంతిల్లు ఉన్నంత మాత్రాన నివాసి అయిపోరని కూడా 20వ సెక్షన్ చెబుతోంది.

అంటే చెవిటికల్లులో కృష్ణా నది ఒడ్డున గుడారం వేసుకుని బతికే కుటుంబమైనా నందిగామ నియోజకవర్గంలో ఓటు నమోదు కోరవచ్చు. ఓటు నమోదు దరఖాస్తు అయిన ఫారం-6లో పడుకునే చోటు రాయాలి. బూత్ స్థాయి అధికారి (బీఎల్వో) రాత్రిపూట వెళ్లి, అక్కడే పడుకుంటున్నారా అని చూడాలి. ఒక్క రాత్రితో సరిపెట్టకూడదు. రూఢి అయితే నివాస పత్రం అక్కర్లేదన్నది ఎన్నికల సంఘం నిబంధన. కూలికి పోయినవాళ్ల కోసం పగటిపూట వచ్చి ‘ఎవరూ లేరు’ అని రాసేయడం అన్యాయం.

మీ వీధి చివర అలాంటివారుంటే ఫారం నింపిపెట్టండి. సందేహాలుంటే 1950 నంబరుకు ఫోన్ చేయండి.