లాభంలో ప్రకృతికి వాటా

గోదావరి సముద్రంలో కలిసే చోట నేల ఎవరిదని అడిగితే చెప్పడం కష్టం. వరదనాడు అది నదిది; పోటు వచ్చిన వేళ సముద్రానిది. ఆ రెండింటి నడుమ వేళ్లూని నిలిచినవి మడ అడవులు. కాకినాడకు దక్షిణాన తెల్లమడ, నల్లమడ, ఉప్పుపొన్న, తిల్ల మొదలైన చెట్లతో నిండిన కోరంగి అడవిని 1978లో ప్రభుత్వం అభయారణ్యంగా ప్రకటించినది. దాని వైశాల్యం 235 చదరపు కిలోమీటర్లకు పైబడి ఉన్నది. నీటికుక్కలకు, బావురుపిల్లులకు అది నివాసం. మన వలలకు చిక్కే చేపలలో, రొయ్యలలో అనేకం పసితనంలో ఆ వేళ్ల నీడను ఎదిగినవే. తుఫాను వేళ అలల ఉరవడిని మొదట ఎదుర్కొనేదీ ఆ అడవే.

ఈ అడవికి ఇరుగుపొరుగున కాకినాడ రేవు, ఎరువుల కర్మాగారాలు, చమురు, సహజవాయువు బావులు, రొయ్యల చెరువులు వెలసినవి. వాటివలన వేలాది కుటుంబాలకు జీవనోపాధి కలిగినదనుట నిజం. అయితే ఈ నేలను, నీటిని, గాలిని వాడుకోని పరిశ్రమ వాటిలో ఒక్కటీ లేదు. 1995 జనవరి 8న కోనసీమలోని పాశర్లపూడి వద్ద వాయు బావి పేలి, రెండు నెలలకు పైగా మండినది. పరిసర గ్రామాల వారు ఇండ్లు విడిచి పోవలసి వచ్చినది. లాభం కంపెనీ లెక్కలలో చేరుతుంది. ముప్పు మాత్రం ఊరి లెక్కలో పడుతుంది. ఈ రెండు లెక్కలనూ సరిచూడడమెట్లా అన్నదే ప్రశ్న.

ఇందుకు చట్టం కొంత దారి చూపినది. 2013 నాటి కంపెనీల చట్టం 135వ సెక్షను 2014 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినది. నికర ఆస్తి 500 కోట్ల రూపాయలు గాని, వార్షిక వ్యాపారం 1000 కోట్లు గాని, నికర లాభం 5 కోట్లు గాని ఉన్న కంపెనీలకు అది వర్తించేటట్లు నాడు నిర్ణయించినారు. అట్టి కంపెనీ గడచిన మూడేండ్ల సగటు లాభంలో కనీసం నూటికి రెండు వంతులు సమాజహితానికి వెచ్చించవలెను. ప్రకృతి పరిరక్షణ అందులో చేరిన పనియే. తాను వ్యాపారం చేసే ప్రాంతానికి ప్రాధాన్యమివ్వవలెనని కూడా చట్టంలో ఉన్నది.

ఇక్కడ ఒక భేదాన్ని మనం గుర్తించాలి. కర్మాగారపు మురుగునీటిని శుద్ధి చేయడం ఈ రెండు వంతులలోనికి రాదు. అది వేరే చట్టాల ప్రకారం ఎట్లాగూ చేయవలసిన విధి. ఇంటి మురుగును పొరుగువాని పెరటిలోనికి వదలి, పండుగనాడు వాని పిల్లలకు కొత్త బట్టలు పెడితే తగవు తీరుతుందా? ముందు మురుగు ఆగవలెను. బట్టల మాట తరువాతిది.

మరి ఆ తరువాతి పని ఎట్లా ఉండాలి? కోరంగి ప్రాంతమే ఇందుకు పాఠం చెబుతున్నది. అడవి నరికిన చోట నేల పల్లమై, పోటునీరు నిలిచి, ఎండకు ఆవిరై, ఉప్పు పేరుకొనిపోతుంది. అక్కడ ఎన్ని మొక్కలు నాటినా బ్రతకవు. ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీశాఖ, గ్రామస్థులు కలిసి ఇట్టి నేలలలో ఏటిపాయ నుండి ఒక పెద్ద కాలువ, దానికి ఇరుప్రక్కల చేపముల్లు వలె పిల్లకాలువలు త్రవ్వించినారు. పోటుకు నీరు వచ్చి, పాటుకు వెడలిపోతూ ఉప్పును కడిగివేసినది. అప్పుడు నాటిన మడమొక్కలు నిలదొక్కుకున్నవి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తియైన నాటి నుండి కాలువ విలువ ఎరిగిన సీమ మనది. కాలువ త్రవ్వడంతో పని తీరదని, పూడిక తీస్తూ ఉండాలని మన రైతుకు ఒకరు చెప్పనక్కరలేదు. మడ అడవికీ అంతే. మొక్క నాటిననాడు ఫోటో తీయించుకొని వెళ్లిపోయే దాత దానికి చాలడు.

2011లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం తోడ్పాటుతో ఈ నదీముఖ ప్రాంతంలో ఒక పథకం మొదలైనది. పరిశ్రమలు, చేపలవేట, రొయ్యలసాగు తమ పనిలోనే జీవసంరక్షణను ఇముడ్చుకోవాలన్నది దాని ఉద్దేశం. వాతావరణం వేడెక్కుతున్న ఈ కాలంలో ఆ ఆలోచనకు విలువ హెచ్చినది. మడచెట్టు గాలిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహిస్తుంది. రాలిన ఆకులు, వేళ్లు గాలి సోకని బురదలో చేరడం వలన ఆ కర్బనం దీర్ఘకాలం అక్కడే నిలిచి ఉంటుంది. అడవిని నరికి నేలను పెకలిస్తే అది మరల గాలిలో కలుస్తుంది. కనుక కొత్త తోట నాటడం కంటె ఉన్న అడవిని కాపాడడం ముందు. చమురును, వాయువును వెలికితీసే సంస్థలకు ఈ బాధ్యత మరింత అధికం.

ఇక మన వంతు. ఏ పనులు చేపట్టినదీ కంపెనీలు తమ వెబ్‌సైటులో ప్రకటించవలెను. ఎంత వెచ్చించినదీ వార్షిక నివేదికలో చూపవలెను. చదువుకొన్న పిల్లవాడు ఇంటిలో ఉంటే చూసి చెప్పగలడు. గ్రామసభలో ఆ కాగితం ముందుంచుకొని, మూడేండ్ల క్రిందట నాటిన మొక్కలలో బ్రతికినవెన్ని, కాలువలో పూడిక తీసినదెప్పుడు అని అడగడం మన హక్కు. అట్లా అడిగే ఊరి మడలలో పని కాగితం మీదనే ఆగిపోదు.