విద్యార్థుల సాఫ్టువేరు, సంఘ సభ్యుల వంతు

కంప్యూటరు తనంతట తానేమియు నెఱుగదు. ఏ పని యే వరుసను జేయవలయునో వ్రాసి యుంచిన యాజ్ఞల కూర్పునే సాఫ్టువేరందురు. ఈ విద్యను గఱపు కళాశాలలు మన ప్రాంతముననే వెలసినవి. 2007లో జగిత్యాల చెంత నాచుపల్లియందు జె.ఎన్.టి.యు. ఇంజనీరింగు కళాశాలయు, 2008లో బాసరయందు రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయమును స్థాపితములైనవి. చదువు ముగియు నేట ఆచార్యుని పర్యవేక్షణమున నొక పనిని పూర్తిచేసి చూపుట యీ విద్యలో నియమము. ఆ పని పరీక్షకొఱకైన బొమ్మగా మిగులక, రైతున కక్కఱకు వచ్చు పనిముట్టు కాగలదా?

విద్యాలయమున బుట్టిన పని పొలము గట్టునకు జేరగలదనుటకు పొరుగున నున్న వరంగల్లు సీమయే సాక్ష్యము. హైదరాబాదులోని ట్రిపుల్ ఐటి విద్యాసంస్థ, ఆచార్య పి. కృష్ణారెడ్డిగారి నేతృత్వమున, 2004లో ‘ఈ-సాగు’ అను పద్ధతిని ఊరుగొండ, గూడెప్పాడు, ఓగులాపురము గ్రామముల పత్తి రైతుల యొద్ద ప్రారంభించినది. 749 మంది రైతుల 1,051 చేలు ఇందు జేరినవి. గ్రామమందలి కార్యకర్త చేనికి బోయి పైరును ఫొటో తీయును. ఆ ఫొటోలు హైదరాబాదునకు జేరును. అచ్చటి వ్యవసాయ నిపుణులు ఆ చేని పూర్వవృత్తాంతముతో వానిని బోల్చి చూచి సలహా వ్రాయుదురు. కార్యకర్త దానిని రైతునకు జదివి తెలుపును.

ఇచట గమనింపదగిన దొకటి గలదు. తెగులును గుర్తించినది యంత్రము కాదు, నిపుణుడు. యంత్రము ప్రతి చేని చరిత్రను దాచి, దూరముననున్న నిపుణుని కన్నుల ముందుంచినది. ఏ పని యంత్రమునకు, ఏ పని మనుష్యునకు అని ముందుగా నిర్ణయించుటయే గురువు చేయవలసిన పని.

మన సంఘముల విషయ మాలోచింతము. అప్పు ఖాతాలకై కేంద్రప్రభుత్వము 2022 జూనులో 2,516 కోట్ల రూపాయల వ్యయముతో 63,000 ప్రాథమిక సంఘముల నొకే సాఫ్టువేరు క్రిందికి దెచ్చు పథకము నంగీకరించినది. కావున ప్రధాన ఖాతాలను విద్యార్థులకు ఒప్పగింపనక్కఱలేదు. ధాన్యపు కొనుగోలు కేంద్రమున వరుస సంఖ్యలు, ఎరువుల నిలువ, పురుగు గనబడిన వార్త వెంటనే తక్కిన రైతులకు దెలుపుట, ఇట్టి పనులు వారికి దగియున్నవి.

అయితే మూడు జాగ్రత్తలు వలయును.

మొదటిది: ఉన్న సంగతి దాచక చెప్పవలయును. కౌలు రైతు పేరు పాసు పుస్తకమున నుండదు. తేమ యెక్కువైన ధాన్యము వెనుకకు మరలును. కరెంటు పోయిన నాడును బస్తాలు వచ్చుచునే యుండును. ఇవి పుస్తకములలో లేవు. విద్యార్థులను కేంద్రమున గొన్నినాళ్లు కూర్చుండబెట్టిననే వారికి దెలియును.

రెండవది: ఒక పంటకాలము కాగితపు చిట్టాను మానరాదు. రెండును సరిపోల్చి, తేడా వచ్చిన చోటును గురువునకు జూపవలయును. వరుస తప్పినచో వడ్లు వానకు దడియునది రైతువే గాని విద్యార్థివి కావు. సభ్యుల ఆధారు, పాసు పుస్తకపు సంఖ్యలను పరీక్షలకై యీయరాదు. కల్పిత నామములు చాలును.

మూడవది మిక్కిలి ముఖ్యము. విద్యార్థులు చదువు ముగించి వెడలిపోవుదురు; పనిముట్టు మనయొద్ద నుండును. చెడినచో బాగుచేయువా రెవ్వరు? రాబోవు తరగతి వారి కప్పగించెదనని గురువు వ్రాసి యీయవలయును. ఆజ్ఞల ప్రతియు, వాడుక విధమును తెనుగున వ్రాసిన పత్రమును సంఘమునకు జేరవలయును.

ఈ మూడింటికి సమ్మతించిన గురువు దొరకినచో, సంఘము తలుపు తెఱచి యుంచవచ్చును. వచ్చువారిలో మన బిడ్డలును ఉందురు.