పెద్దరికము వచ్చిన తరువాతే బడి

వరంగల్లు, జనగామ, భువనగిరి వైపు నుండి బస్సులో హైదరాబాదు వచ్చేవారికి నగరములో మొదట తగిలే పెద్ద కూడలి ఉప్పల్. అక్కడికి దగ్గరలోనే నాచారం. మన పల్లెల నుండి ఎందరో యువకులు పని వెదుక్కుంటూ ఈ రెండు చోట్లకు వచ్చారు. హెల్పరుగా చేరి, పని నేర్చుకొని, ఫిట్టరై, సూపర్‌వైజరైన వారు వారిలో ఉన్నారు. ఆదివారము వచ్చేసరికి వారిలో కొందరు సంఘ పెద్దలు, కొందరు సండే స్కూలు టీచర్లు. వారి భార్యలు స్త్రీల మైత్రిని నడిపిస్తున్నారు.

ఫ్యాక్టరీలో ఒక మెట్టు ఎక్కాలంటే పని నేర్చుకోవాలి, చేసి చూపించాలి. సంఘములో మాత్రము ఒకసారి పెద్దగా ఎన్నికైతే ఇక నేర్చుకునేది ఏమీ లేదని అనుకుంటాము. నేను కూడా అలాగే అనుకున్నాను. దాని వలన ఒక కుటుంబము మా సంఘమునకు దూరమైపోయింది. ప్రియ పాఠకులారా, నా వంటి పొరపాటు మీ ఊరి సంఘములో జరగకూడదని ఈ సంగతి రాస్తున్నాను.

పేర్లు చదివిన ఆదివారము

చాలా సంవత్సరాల క్రితము నాచారంలో ఒక అద్దె హాలులో మేము ఆరాధనకు కూడుకునేవారము. నలభై కుటుంబాలకు మించి ఉండేవి కావు. నేను పెద్దగా ఎన్నికై ఏడాది కూడా కాలేదు. కోత పండుగ దగ్గర పడింది. కానుకల లెక్క నా చేతిలో ఉంది. చాలామంది ఇంకా ఇవ్వలేదు. ఒక ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత లేచి నిలబడి, ఇవ్వనివారి పేర్లు పైకి చదివాను. నలుగురిలో పేరు వినిపిస్తే సిగ్గుపడి ఇస్తారని నా ఆలోచన.

ఇచ్చారు కూడా. ఆ ఏడు కోత పండుగ లెక్క అంతకు ముందుకంటే బాగా పెరిగింది. కొందరు నన్ను మెచ్చుకున్నారు. ఒక కుటుంబము మాత్రము ఆ మరుసటి ఆదివారము నుండి రావడము మానేసింది. నేను వెళ్లి అడగలేదు. "ఇవ్వవలసి వస్తుందని తప్పించుకున్నారు" అని తేలికగా అనేశాను.

మూడు నెలలు గడిచిన తరువాత అసలు సంగతి తెలిసింది. నేను పేర్లు చదివిన నాటికి ఆయన పనిచేసే ఫ్యాక్టరీ మూతపడి రెండు నెలలైంది. ఇంటి అద్దె బాకీ పడింది. ఆ తల్లి తన గాజులు కుదువబెట్టి పిల్లల బడి ఫీజు కట్టింది. నేను చదివిన పేర్లలో ఆయన పేరు మూడవది.

షిఫ్ట్ దిగేముందు

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా సంఘములోనే ఒక పెద్దాయన ఉండేవారు. నాచారంలో ఏళ్ల తరబడి ఫిట్టరుగా చేసినవారు, పెద్దగా చదువుకోలేదు. ఆయన దగ్గరకు వెళ్లి జరిగినదంతా చెప్పాను. ఆయన నన్ను తిట్టలేదు. కొంతసేపు ఊరుకొని ఇలా అన్నారు: "తమ్మీ, మేము షిఫ్ట్ దిగేముందు బుక్కుల రాసి దిగుతం. ఏ మిషన్ ఎట్ల నడిచింది, ఏడ చప్పుడొచ్చింది, ఏ బోల్టు వదులైంది, అంత రాయాలె. రాయకుంట దిగితే ఎనకొచ్చేటోని చెయ్యి పోతది. నువ్వు ఆ దినము ఏమి రాసినవు?"

నేనేమీ రాయలేదు. కానుకల మొత్తము రాశాను, అంతే. ఆ మాట ఎవరికి ఎలా తగిలిందో, ఎవరు తల వంచుకొని బయటికి వెళ్లారో చూడలేదు. పని చేశాను గానీ, చేసిన పనిని తిరిగి చూచుకోలేదు.

మరునాడు మార్కు సువార్త ఆరవ అధ్యాయము తీశాను. ఎన్నోసార్లు చదివిన అధ్యాయమే. ప్రభువు పన్నెండుమందిని ఇద్దరిద్దరిగా పంపించాడు (మార్కు 6:7). వారు వెళ్లి ప్రకటించారు, రోగులను స్వస్థపరచారు. అక్కడితో అయిపోలేదు. తిరిగి వచ్చి, తాము చేసినవన్నీ, బోధించినవన్నీ ఆయనకు చెప్పుకున్నారు. అప్పుడాయన వారిని ఏకాంతముగా ఒక నిర్జన స్థలమునకు రమ్మని పిలిచాడు (మార్కు 6:30, 31). ముందు ఆయన యొద్ద విన్నారు, తరువాత వెళ్లి చేశారు, ఆ తరువాత వచ్చి లెక్క ఒప్పజెప్పారు. అంత చేసి వచ్చినవారికే అదే అధ్యాయములో మరొక పాఠము ఎదురైంది. జనులను పంపివేయమని వారు అడిగితే, మీరే వారికి భోజనము పెట్టమన్నాడు ప్రభువు. దయ్యములను వెళ్లగొట్టి వచ్చిన శిష్యులు అయిదు రొట్టెల ముందు ఏమి చేయాలో తోచక నిలబడ్డారు. ఇంకా నేర్చుకోవలసింది ఉందని వారికి అక్కడ తెలిసింది.

నాలో ఈ మూడింటిలో మధ్యది ఒక్కటే ఉంది. వినడము ఏనాడో తగ్గిపోయింది. తిరిగి వచ్చి చెప్పుకోవడము మొదలే కాలేదు.

డోర్నకల్ బిషప్‌గారు

మన తెలుగు సంఘాలలో ఈ మూడింటినీ జీవితమంతా విడువని ఒక నాయకుడు ఉన్నారు. ఉప్పల్‌కు బస్సు వచ్చిన దారినే వరంగల్లుకు తిరిగి వెళ్లి, ఇంకా ముందుకు పోతే డోర్నకల్ వస్తుంది. నేడు అది మహబూబాబాద్ జిల్లాలో ఉంది. అక్కడి బిషప్ వేదనాయకము శామ్యూల్ అజరయ్యగారిని పెద్దతరమువారు ఇప్పటికీ తలచుకుంటారు.

ఆయన 1874లో తిరునెల్వేలి ప్రాంతములో పుట్టారు. మాతృభాష తమిళము. వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా ఊరూరూ తిరిగి యువకులను ఉత్సాహపరచేవారు. 1902లో సిలోనులోని యాళ్పాణము వెళ్లినప్పుడు, అక్కడి తమిళ సంఘము సొంతముగా సువార్త సేవకులను పంపుతున్నదని చూశారు. మా సంఘాలు అంతకంటే పెద్దవి కదా, మేమెందుకు పంపడము లేదన్న ప్రశ్న ఆయనలో పుట్టింది. మరుసటి ఏడు, అంటే 1903లో, తిరునెల్వేలిలో భారతీయుల మిషనరీ సంఘము ఏర్పడింది. నిజాము రాజ్యములోని డోర్నకల్ ప్రాంతమును వారు తమ సేవకు ఎన్నుకున్నారు.

అంతవరకు ఇతరులను పంపించిన ఆయన 1909లో తానే అక్కడికి వెళ్లారు. అప్పటికి ఆయనకు 34, 35 ఏళ్ల వయస్సు. దేశములో పేరు తెచ్చుకున్న వక్త పల్లె జనుల మధ్య తెలుగు నేర్చుకున్నారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్‌గా అభిషేకము పొందారు. ఆంగ్లికన్ సంఘములో బిషప్ అయిన మొదటి భారతీయుడు ఆయనే. ఆ పదవి వచ్చిన తరువాత కూడా బండి మీద పల్లెలు తిరగడము, జనుల మధ్య కూర్చోవడము మానలేదు. సంఘాలలో ఎక్కువమంది చదువు లేని మాల, మాదిగ కుటుంబాలవారు. వారిలో నుండే పల్లె ఉపదేశకులను, కాపరులను తయారు చేశారు. భర్తలతో పాటు వారి భార్యలకు కూడా శిక్షణ ఉండాలని పట్టుబట్టారు. వేరు వేరు మిషన్ల సంఘాలు ఒకటి కావాలని 1919 నుండి పాటుపడి, 1945 జనవరి 1న డోర్నకల్‌లో ప్రభువునందు నిద్రించారు. దక్షిణ ఇండియా సంఘము ఏర్పడింది 1947 సెప్టెంబరు 27న. ఆయన కన్నుల చూడలేకపోయిన పనిని, ఆయన తరువాతివారు పూర్తి చేశారు.

యాళ్పాణములో పుట్టిన ఒక్క ప్రశ్నను ఆయన విడిచిపెట్టి ఉంటే ఇందులో ఎంత జరిగి ఉండేది? తనను తాను అడిగిన ప్రశ్నకు తానే జవాబు కావడమే ఆయన పెద్దరికము.

సర్వేయరు తిరిగి వచ్చే గురుతు

పల్లెటూరి పాఠకులకు గట్టు తగాదాలు తెలుసు, సర్వేయరు కూడా తెలుసు. ఉప్పల్‌లో సర్వే ఆఫ్ ఇండియావారి శిక్షణ సంస్థ ఉంది. సర్వే ఆఫ్ ఇండియా 1767లో మొదలైన శాఖ. ఇక్కడికి కొత్తగా చేరినవారే కాదు, ఉద్యోగములో ఉన్నవారు కూడా వచ్చి పాఠాలు వింటారు. గొలుసు పోయి కొత్త పరికరాలు వచ్చాయి. వాటిని నేర్చుకోకుండా పాత అనుభవముతోనే నెట్టుకు రావడము కుదరదు.

సర్వే పనిలో ఒక పద్ధతి ఉంది. తెలిసిన ఒక గురుతు దగ్గర బయలుదేరి, చుట్టూ కొలుచుకుంటూ వెళ్లి, మళ్లీ ఆ గురుతు దగ్గరికే వస్తారు. లెక్క సరిగ్గా కలిస్తే మంచిది. కలవకపోతే ఎంత తేడా వచ్చిందో అక్కడ బయట పడుతుంది. తేడా కొద్దిదైతే లెక్కలో సర్దుతారు. ఎక్కువైతే మళ్లీ వెళ్లి కొలుస్తారు. తిరిగి రానివాడికి తన తప్పు ఎంతో ఎన్నటికీ తెలియదు. ఆ తప్పు కొలతతోనే రాళ్లు పాతితే, అన్నదమ్ములు కోర్టుకెక్కుతారు.

సంఘ పెద్దకు ఆ గురుతు ప్రభువే. కోత పండుగ లెక్క పెరగడము నా కొలతలో విజయము. ప్రభువు దగ్గరకు తిరిగి వచ్చి చూస్తే తప్పిపోయిన గొఱ్ఱె ఒకటి కనబడింది.

మన సంఘములో ఏమి చేయవచ్చు?

ఆ ఫిట్టరు పెద్దాయన సలహాతో మేము కొన్ని చిన్న పనులు మొదలుపెట్టాము. వీటికి డబ్బు అక్కరలేదు, పై చదువు అక్కరలేదు. ఏ పల్లె సంఘములోనైనా చేయవచ్చు.

మొదటిది, ఒక నోటు పుస్తకము. కమిటీ కూడిక అయినా, ఇండ్ల దర్శనమైనా, ముగిసిన దినమే మూడు ప్రశ్నలకు జవాబు రాసుకోవాలి. ఈ దినము నేనేమి చేశాను? నా మాట వలన ఎవరైనా నొచ్చుకున్నారా? ఈసారి వేరుగా ఏమి చేయాలి? రాయడము రానివారు ఇంటికి వెళ్లి భార్యతోనో, భర్తతోనో ఈ మూడూ చెప్పుకొని ప్రార్థించవచ్చు.

రెండవది, చిన్నవారి యొద్ద కూడా నేర్చుకోవడము. అపొల్లో విద్వాంసుడు, లేఖనములయందు ప్రవీణుడు. అయినా డేరాలు కుట్టి బ్రతికే అకుల, ప్రిస్కిల్ల అతనిని చేర్చుకొని, దేవుని మార్గమును మరింత పూర్తిగా తెలియజేస్తే విన్నాడు (అపొ. కార్య. 18:24–26). ఇక్కడ గమనించవలసింది ఇంకొకటి ఉంది. వారు అతనిని సమాజమందిరములో నలుగురి ముందు సరిదిద్దలేదు. నేను పేర్లు చదివిన పద్ధతికి, వారి పద్ధతికి ఎంత దూరమో చూడండి.

మూడవది, ఒంటరిగా చేయకపోవడము. ప్రభువు ఇద్దరిద్దరిగా పంపాడు. ఇండ్ల దర్శనానికి పెద్దతోపాటు ఒక యౌవనస్థుడు, అనుభవముగల తల్లితోపాటు ఒక కొత్త కోడలు వెళ్లాలి. చిన్నవారు చూచి నేర్చుకుంటారు. మనము చూడనిది వారు చూస్తారు, దారిలో మనకు చెబుతారు.

నాలుగవది, పని పంచి ఇవ్వడము. ఉదయము నుండి సాయంకాలము వరకు తానే తీర్పు తీర్చుచున్న మోషేకు అది మంచిది కాదని మామ యిత్రో చెప్పాడు. మోషే ఆ మాట విని, పదిమందికి ఒకడు, యాభైమందికి ఒకడు చొప్పున అధిపతులను నియమించాడు (నిర్గమ 18). ఎఱ్ఱ సముద్రము దాటించిన నాయకుడు మామ మాట విన్నాడు. కానుకల లెక్క పదేళ్లు ఒక్కరి చేతిలోనే ఉంటే, ఆయన ఎంత నమ్మకస్థుడైనా, రెండవవాడు నేర్చుకునేది ఎప్పుడు?

అయిదవది, చదవడము. మరణము దగ్గరపడిన ఖైదీగా పౌలు తిమోతికి రాస్తూ, చలికి అంగీతో పాటు పుస్తకములు, ముఖ్యముగా చర్మపు కాగితములు తెమ్మన్నాడు (2 తిమోతి 4:13). ఇన్ని పత్రికలు రాసినవాడికే చదవవలసింది మిగిలి ఉంది.

మొదటి పేజీ

ఆ కుటుంబము సంగతి అడుగుతారేమో. పెద్దాయనను వెంటబెట్టుకొని వారింటికి వెళ్లాను. క్షమించమని అడిగాను. ఆ సోదరుడు చాలాసేపు నేల చూపులు చూశాడు. ఆ తల్లి టీ ఇచ్చింది. "అయ్యగారు రెండుసార్లు వచ్చి ప్రార్థన చేసిండ్రు అన్నా, మీరే రాలేదు" అన్నది. అంతకు మించి ఒక్క మాట అనలేదు.

వారు మా సంఘానికి తిరిగి రాలేదు. కొంతకాలానికి ఆయనకు వేరే చోట పని దొరికింది. ఉప్పల్ వైపు మరొక సంఘములో చేరారు. అక్కడ నమ్మకముగా ఉన్నారని విని దేవుని స్తుతించాను. ఎప్పుడైనా ఉప్పల్ బస్ స్టాపులో ఎదురుపడితే, "వందనాలు అన్నా" అని ఆయనే ముందు పలకరిస్తాడు.

నా నోటు పుస్తకాలు ఇప్పటికి చాలా అయ్యాయి. పుస్తకము నిండి కొత్తది తీసినప్పుడల్లా మొదటి పేజీలో ఆయన పేరు రాసుకుంటాను. కోత పండుగ వచ్చిన ప్రతి ఏడు, కానుకల లెక్క చేతికి తీసుకునే ముందు ఆ పేజీ తెరుస్తాను. ఈ ఏడు ఎవరి ఇంట పని పోయింది, ఎవరి పంట ఎండింది అని ముందు అడిగి తెలుసుకుంటాను.

ప్రియమైన సంఘ పెద్దలారా, తల్లులారా, యౌవనస్థులారా, పెద్దరికము దేవుడిచ్చిన పని. ఆ పని నేర్చుకుంటూ, చేస్తూ, దినదినము ఆయన పాదముల యొద్దకు తిరిగి వచ్చి లెక్క ఒప్పజెప్పుకునే కృపను ప్రభువు మనకందరికి దయచేయును గాక. ఆమేన్.