కొర్రమీను పైకెందుకొస్తుంది? బాహుదా కట్ట మీద గాలం కబుర్లు

ఈ ఎపిసోడ్ మన నిమ్మనపల్లె బాహుదా ప్రాజెక్టు కట్ట మీద నుంచే.

అక్టోబర్, నవంబర్ అంటే మన పక్క ఈశాన్య రుతుపవనాల కాలం. కొత్తనీళ్లు దిగితే చాలు, కుర్రోళ్లంతా గాలాలతో వచ్చేస్తారు.

రీల్స్‌లో చూసుంటారు, అమెరికాలో ఫ్లోరిడా తీరాన టార్పన్ చేప కోసం బోటు బాడుగకు మాట్లాడుకుని వెళ్తారు. టార్పన్ నీటిపైకొచ్చి గాలి మింగుతుంది. అది చూసే గాలం ఎక్కడ వేయాలో తెలుసుకుంటారు. మన కొర్రమీనూ అంతే! మొప్పలతో పాటు దాని తలలో గాలి పీల్చే గది ఒకటుంటుంది. అందుకే తక్కువ నీళ్లలో, బురదలో కూడా బతుకుతుంది. పైకి రానివ్వకపోతే మాత్రం ఊపిరాడక చచ్చిపోతుంది.

మరి ఎక్కడ వేయాలి? నడిమధ్యలో కాదు. ఒడ్డున గడ్డి ఉన్నచోట బుడగ లేస్తే, అక్కడే. ఎరగా చిన్న చేప గానీ కప్ప గానీ.

కానీ ఒక్క మాట. నీటిపై ఎర్రటి పిల్లల గుంపు కనిపిస్తే, కింద పెద్ద చేపలు కాపలా ఉంటాయి. అప్పుడు గాలం వేస్తే ఠక్కున పడుతుంది. ఆకలికి కాదు, పిల్లల్ని కాపాడుకోడానికి కరుస్తుంది. దాన్ని తీసేస్తే పిల్లల్ని మిగతా చేపలు మింగేస్తాయి. నేనూ ఒకసారి పట్టాను. మర్నాడు ఆ గుంపే లేదు. అప్పట్నుంచి వేయట్లేదు.

ఇంకోటి, మొరవ పారేటప్పుడు కింద నిలబడొద్దు. బాహుదా నీళ్లు పోయి కలిసే చెయ్యేరు మీద 2021 నవంబర్ 19న అన్నమయ్య డ్యాం తెగింది. నీళ్లు ఎంత వేగంగా వస్తాయో అప్పుడే చూశాం కదా. చేప రేపైనా పడుతుంది. ఉంటాను మరి.