గోదావరి ఎగువన ద్రాక్ష, దిగువన తాడి

గోదావరి నది మహారాష్ట్రలోని త్ర్యంబకేశ్వరం వద్ద పుట్టి, దాదాపు 1,465 కిలోమీటర్లు ప్రవహించి బంగాళాఖాతంలో కలుస్తుంది. ఆ ప్రవాహానికి మొదట నున్న నాసిక్ ప్రాంతం నేడు భారతదేశపు ప్రధాన వైన్ కేంద్రం. చివర నున్న పశ్చిమ డెల్టాలో, పెంటపాడు, తాడేపల్లిగూడెం పరిసరాల్లో, కాలువ గట్ల మీదను పొలం గట్ల మీదను నిలిచినవి తాటిచెట్లు. రెండుచోట్లా జరిగే జీవరసాయన చర్య ఒక్కటే: మొక్క కూర్చిన చక్కెరను ఈస్టు మద్యసారంగా మారుస్తుంది. అయినా, తరాలుగా సాగుతున్న తాటి గీతకు ఊరి పొలిమేర దాటిన పేరు లేదు. పాతికేళ్ల నాసిక్ వైన్‌కు భౌగోళిక గుర్తింపు ఉంది. అధ్యయన యాత్రపై నాసిక్ వెళ్లే వ్యవసాయ విద్యార్థి ఈ తేడాకు కారణం వెదకడం అవసరం.

నాసిక్ లోయలో గమనించదగినవి

నాసిక్ సముద్ర మట్టానికి సుమారు 600 మీటర్ల ఎత్తున ఉంది. గోదావరిపై నిర్మించిన గంగాపూర్ జలాశయ పరిసరాల్లో ద్రాక్ష తోటలు విస్తరించాయి. ఐరోపాలో తీగ శీతకాలమంతా నిద్రావస్థలో ఉండి, సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో కోతకు వస్తుంది. నాసిక్‌లో అటువంటి నిద్రావస్థ లేదు. అందువల్ల ఏటా రెండు కత్తిరింపులు చేస్తారు. వేసవి కత్తిరింపు కొమ్మలను పెంచడానికి, వర్షాల తరువాతి కత్తిరింపు కాపు కోసం. వైన్ ద్రాక్ష కోత జనవరి నుంచి మార్చి వరకు సాగుతుంది. చలి రాత్రుల్లో గింజలు ముదరడం వల్ల ఆమ్లత, సువాసన నిలుస్తాయి.

ఇక్కడ సులా సంస్థ 1999లో ఏర్పడి, 2000లో తొలి వైన్‌ను విడుదల చేసింది. మహారాష్ట్ర ప్రభుత్వం 2001లో ద్రాక్ష శుద్ధి పరిశ్రమకు ప్రత్యేక విధానం ప్రకటించింది. అటుపిమ్మట ‘నాసిక్ వ్యాలీ వైన్’కు భౌగోళిక గుర్తింపు లభించింది. పరిశోధన, రైతులతో ఒప్పంద సాగు, ప్రభుత్వ విధానం, సందర్శకుల రాక ఒకదానికొకటి తోడైన తీరు పరిశీలించదగినది.

సరిహద్దు రాళ్లు చెప్పే పాఠం

నదీలోయ పేరు మీద వైన్ అమ్మడం పాత పద్ధతే. పోర్చుగల్‌లోని డోరో లోయకు 1756లోనే పొంబాల్ మార్క్విస్ పాలనలో సరిహద్దులు నిర్ణయించి, గ్రానైట్ స్తంభాలు పాతారు. ఆ లోయలోని పోర్ట్ వైన్‌కు ద్రాక్ష సారాయి కలిపి బలం చేకూరుస్తారు. ఇది ఓడలపై ఇంగ్లాండుకు చేరేవరకు చెడకుండా ఉండటానికి తోడ్పడింది. సరుకు నిలవ ఉన్నందున దూర దేశాలకు చేరింది. దూరాన కొనుగోలుదారు ఏర్పడినందున కల్తీ పెరిగింది. కల్తీని అరికట్టడానికి సరిహద్దు, నమోదు, నాణ్యత తనిఖీ వచ్చాయి. 2001లో ఆ లోయ ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది.

ఆమ్లత చేసిన తేడా

తాటికల్లు ఈ దారిన నడవకపోవడానికి మూలం దాని రసాయన స్వభావంలోనే ఉంది. ద్రాక్ష రసం పి.హెచ్. విలువ 3 నుంచి 4 మధ్య ఉంటుంది. ఆ ఆమ్లత హానికర బాక్టీరియాను అదుపులో ఉంచుతుంది. పులిసిన తరువాత సుమారు 12 శాతం మద్యసారం తోడై, వైన్ ఏళ్ల తరబడి నిలుస్తుంది. తాజా నీరా దాదాపు తటస్థం. దానిలో సుమారు 10 నుంచి 13 శాతం చక్కెర, ప్రధానంగా సుక్రోజు ఉంటుంది. చెట్టు మీద ముంతలో ఉండగానే ఈస్టులు, బాక్టీరియా పని ప్రారంభిస్తాయి. కొన్ని గంటల్లో నీరా కల్లుగా మారుతుంది, మరునాటికి పుల్లబడుతుంది. కనుక కల్లు దించిన ఊళ్లోనే ఖర్చు కావలసి వచ్చింది. ఊరు దాటని సరుకుకు సరిహద్దు రాళ్లతో గాని, లేబులుతో గాని పని పడలేదు.

తరుగుతున్న నైపుణ్యం

ద్రాక్షను కొమ్మ ముక్కలతో, అంట్లతో వ్యాప్తి చేయవచ్చు. మూడో ఏట కాపు మొదలవుతుంది. తాడి విత్తనం ద్వారానే పెరుగుతుంది. పోతుతాడి, పెంటితాడి వేర్వేరు చెట్లు. పూతకు రావడానికి సాధారణంగా 12 నుంచి 15 ఏళ్లు పడుతుంది. అంతవరకు చెట్టు ఏ లింగానిదో తెలియదు. ద్రాక్ష కోత ఏడాదికొకమారు నేలపై నిలిచి చేసేది. గీత కార్మికుడు మోకు సాయంతో రోజుకు రెండు పూటలా చెట్టెక్కి, గెల కొసను పలుచగా చెక్కాలి. చెక్కు లోతైతే గెల పాడవుతుంది, తప్పితే రసం ఆగిపోతుంది. జారిపడితే ప్రాణాపాయం. ఈ కష్టానికి తగిన ఆదాయం లేక యువతరం వృత్తికి దూరమవుతున్నది. ఎక్కేవారు లేని చెట్టు రైతు దృష్టిలో గట్టుకు భారమే. దానిని నరికితే ఆ లోటు పూడటానికి మళ్లీ పుష్కర కాలం కావాలి.

చేపట్టవలసిన కృషి

డెల్టా తాడికి పేరు రావాలంటే ముందు దాని సరుకు నిలవ ఉండాలి. ముంతకు సున్నం పూసి దించిన నీరాను వెంటనే శీతలీకరించడం, లేదా అధిక సున్నాన్ని తొలగించి బెల్లంగా కాచడం తెలిసిన మార్గాలే. తమిళనాడులోని ఉడన్‌గుడి తాటిబెల్లం భౌగోళిక గుర్తింపు పొందింది. హైదరాబాదులో 2023లో నీరా కేఫ్ ప్రారంభమైంది. గోదావరి పాయల నడుమ ఆత్రేయపురం పూతరేకులకు అదే ఏడాది గుర్తింపు దక్కింది.

పందిరిమామిడి ఉద్యాన పరిశోధన కేంద్రంలో తాటిపై పరిశోధన జరుగుతున్నది. పెంటపాడుకు చేరువలో వెంకటరామన్నగూడెంలో డాక్టర్ వై.ఎస్.ఆర్. ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది. ఏలూరు కాలువకు ఎగువ మెట్ట ఎర్రనేలల్లోను, దిగువ డెల్టా బరువునేలల్లోను తాటిచెట్లను గ్రామాలవారీగా లెక్కించాలి. లింగం, నీరా దిగుబడి, చక్కెర శాతం కనీసం మూడు సీజన్లు నమోదు చేయాలి. భౌగోళిక గుర్తింపు దరఖాస్తుకు ఇటువంటి ఆధారాలే బలం. దీనితోపాటు అనుభవజ్ఞులైన గీత కార్మికుల వద్ద యువకులకు శిక్షణ, భద్రతా బెల్టులు, బీమా సమకూర్చాలి.

నేడు గట్టున పాతిన తాటి టెంక గీతకు వచ్చేనాటికి ఇప్పటి విద్యార్థులు నడివయసు శాస్త్రవేత్తలై ఉంటారు. ఆనాటికి చెట్టెక్కగల చేతులు మిగలాలంటే, లెక్కింపు, శిక్షణ రానున్న గీత కాలంలోనే మొదలుకావాలి.