పెరటి కూరతోట - వేపగింజల కషాయము

ఇంటివెనుక రెండు సెంట్ల చోటున్న రైతు కూరగాయలకై సంతకు పోనక్కరలేదు. పది వంగమొక్కలు, ఒక చిక్కుడుపందిరి, ఒక బీరపాదు, నూతిగట్టున తోటకూరమడి యున్నచో కూరకు లోటుండదు. ఇది ఎల్లరకును తెలిసిన మాటయే గావున విస్తరింపము. మేము చెప్పదలచినది వేఱొకటి. పత్తిచేనికి తెచ్చిన పురుగుమందు సీసా అడుగున మిగిలినదానిని పెరటి వంగమొక్కలపై చల్లుట పెక్కుచోట్ల అలవాటైనది. ఆ వంకాయలనే రెండు దినములకు కోసి పిల్లలకు వండిపెట్టుదురు. మోనోక్రోటోఫాస్ అను మందును కూరగాయలపై వాడరాదని కేంద్ర ప్రభుత్వము 2005 లోనే ఉత్తరువు చేసినది. 2013 జూలైలో బీహారు రాష్ట్రమునందలి సారణ్ జిల్లాలో ఒక బడియందు మధ్యాహ్నభోజనము తిని 23 మంది పిల్లలు మరణించిరి. వంటనూనెలో ఈ మందే కలిసియుండెనని పరీక్షలో తేలినది. చేనిమందు వంటింటి దరికి రాకూడదు. పెరడు వంటింటిలోని భాగమే.

మందు మానుడనినంతనే రైతు అడుగు ప్రశ్న యొకటే: "మఱి పురుగు మాటేమి?" వేపగింజల కషాయమని మేము చెప్పుదుము. "అదియు చూచితిమి, పనిచేయలేదు" అనువారు పెక్కురు కలరు. ఆ మాట అబద్ధము కాదు. ఏల పనిచేయలేదో విచారింపవలసియున్నది.

మొదటి కారణము మన తొందర. విషపుమందు చల్లిన కొలది సేపటికే పురుగులు రాలిపడును. వేప అట్లు చేయదు. వేపపప్పులో అజాడిరక్టిన్ అను చేదు పదార్థము కలదు. అది ఆకుమీద నున్నచో పురుగు ఆ ఆకును తినుటకు వెనుదీయును. కొంత తినినను పిల్లపురుగు కుబుసము విడువలేక, ఎదుగుదల చెడి, కొన్ని దినములకు నశించును. పురుగును పస్తుంచుటయే దీని పని. 1962 లో ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనాలయమున ప్రధాన్ మున్నగు శాస్త్రజ్ఞులు వేపపప్పు కలిపిన నీటిని పైరుపై చల్లి చూడగా మిడుతలు సయితము దానిని తినకుండ విడిచెను. కాబట్టి మఱునాడు ఉదయమున పురుగు బ్రతికియున్నదని నిరాశపడరాదు. క్రొత్త ఆకులలో రంధ్రములు పడుచున్నవా లేదా అని చూడవలెను.

రెండవ కారణము గింజ. మేమును మొదట ఈ పొరపాటే చేసితిమి. అటకమీద ఎన్నేండ్లనుండి పడియున్నదో తెలియని గింజను దంచి, మిట్టమధ్యాహ్నము చల్లి, వేపను నిందించితిమి. పండ్లు జ్యేష్ఠాషాఢములలో రాలును. రాలినవానిని ఏరోజు కారోజు ఏరి, గుజ్జు పిసికి కడిగి, నీడను ఆరబెట్టవలెను. వానతేమకు బూజుపట్టిన గింజ పనికిరాదు. ఆరినదానిని గోనెసంచిలోనో వెదురుబుట్టలోనో దాచవలెనే కాని ప్లాస్టిక్ సంచిలో కట్టరాదు. ఏడాది దాటినచో సత్తువ తగ్గును.

కషాయము చేయు విధమిది. పైపెంకు తీసిన పప్పు పావు కిలో తీసికొని రోటిలో పలుకుగా దంచవలెను. నూనె తేలునంత మెత్తగా నూరరాదు. ఆ పొడిని పలుచని గుడ్డలో మూటగట్టి, లీటరు నీటిలో రాత్రియంతయు నాననిచ్చి, తెల్లవారి మూటను పలుమారులు పిండవలెను. వచ్చిన పాలవంటి నీటిని వడగట్టి, మొత్తము 5 లీటర్లగునట్లు నీరు చేర్చి, 5 గ్రాముల సబ్బు కరిగించి కలుపవలెను. సబ్బు లేనిచో కషాయము ఆకుమీద నిలువక జారిపోవును. ఎండకు వేపగుణము చెడును గావున సాయంకాలమే చల్లవలెను. ఆకు అడుగుభాగము తడియుట ముఖ్యము. ఆనాటి కషాయము ఆనాడే వాడి, వారము పది దినములకు మరల చల్లుచుండవలెను.

ఇక వేపకు లొంగనిదొకటి కలదు. వంగకొమ్మను, కాయను తొలుచు పురుగు గ్రుడ్డునుండి వెలువడిన కొలది సేపటికే లోపల జొరబడును. అటుపై ఏ కషాయమును దానిని తాకదు. లేతకొమ్మ కొస వాడి వ్రేలాడుట దాని గుఱుతు. అట్టి కొసను వాడినచోటునకు అంగుళము క్రిందికి త్రుంచి కాల్చివేయవలెను. కొందరు త్రుంచి పెంటకుప్పపై వేయుదురు. అచ్చటనే అది రెక్కలపురుగై మరల మొక్కకు వచ్చును. పుచ్చుకాయలను సయితము పెరటిలో పాఱవేయరాదు. కొసలు వాడుట మొదలైననాటినుండి ఒకటి రెండు దినములకొకమారు ఈ పని చేసిన ఇంట కాయ దక్కును. పది మొక్కలకు ఇదేమంత శ్రమ కాదు.

అక్షింతల పురుగును గూర్చి కొంత హెచ్చరింపవలసియున్నది. ఈ పేరు మనవారు రెండు పురుగులకు వాడుదురు. ఒకటి వంగాకు పచ్చదనమును గీకి తిని జల్లెడ చేయునది. దీని వీపు నూగుతో మసకగా నుండి, పెక్కు చుక్కలు కలిగియుండును. పిల్లపురుగు పసుపువన్నెది, ఒడలెల్ల ముండ్లు. దీనిని ఏరి సబ్బునీటిలో వేయవచ్చును. రెండవది నున్నగా మెఱయునది. చిక్కుడుతీగపై పేనుబంక యున్నచోటనే ఇది కనబడుటచే, ఇదియే తెగులు తెచ్చినదని చంపుదురు. నిజమునకది పేనుబంకను తినివేయు చుట్టము. దాని పిల్ల నల్లగా, పొడవుగా, బుల్లి మొసలివలె నుండి చూడ వికారముగా నుండును. అందువలన మఱింత అన్యాయముగా చచ్చుచున్నది. ఇవి కనబడిన తీగపై వారము దినములు ఏమియు చల్లక చూడుడు.

బీర, గుమ్మడి మొలకలను తినెడు ఎఱ్ఱని పెంకుపురుగులకు మన పెద్దలు మంచు ఆరకముందే పొయ్యిబూడిద చల్లుచుండిరి. అది ఇప్పటికిని మంచిదే. వానకు కొట్టుకొనిపోయినచో మరల చల్లవలెను.

గింజ సేకరణ ఒక్కొక్క ఇంటికి భారమగును. ఖమ్మము జిల్లాలో నుండిన పునుకుల గ్రామమున, పంచాయతి 2004 లో పురుగుమందులు లేని ఊరని ప్రకటించుకొనినప్పుడు, వేపగింజలు ఏరుట, పొడిచేయుట కొందరు స్త్రీలకు పనియైనది. మన సంఘములును ఆషాఢమున గింజను కొని గిడ్డంగిలో నిలువచేసి, సభ్యులకు పావు కిలో చొప్పున అమ్మవచ్చును. కాటా వేయువారు ప్రతి సంచినుండి పిడికెడు గింజలు తీసి పగులగొట్టి చూడవలెను. పప్పు పచ్చగా నున్నచో కొనవచ్చును. నల్లబడినచో సంచి తిరిగి పంపవలెను.